మాలిబులో ఇళ్ల వెనకున్న బీచ్‌కి వెళ్ళడం ఎలా?

లాస్ ఏంజిలెస్‌లో ఉండే మనవాళ్ళు మాలిబు వెళ్ళి, రోడ్డు పొడుగునా కోట్ల డాలర్ల ఇళ్ళు, గేట్లు చూసి ఇదంతా ప్రైవేట్ అనుకుని కార్లో నుంచే సముద్రం చూసి వచ్చేస్తుంటారు. కాదండీ బాబూ! కాలిఫోర్నియాలో తడి ఇసుక జనాలదే. లెక్క ప్రకారం సగటు పోటు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతకి సముద్రం వైపున్నదంతా పబ్లిక్.

చిక్కేంటంటే ఆ గీత కంటికి కనపడదు, ఇసుకతో పాటే జరుగుతూ ఉంటుంది కూడా, అందుకని ముందు ఫోన్లో టైడ్ టైమింగ్స్ చూసుకుని ఆటు టైంకి వెళ్ళండి, తడి ఇసుక మీదే నడవండి, ఎవరూ ఏమీ అనలేరు. పోటు టైంకి వెళ్తే నిలబడ్డానికి చోటే ఉండదు.

దిగడానికి దారి కావాలంటే కోస్టల్ కమిషన్ (కాలిఫోర్నియా తీరాన్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ యువర్‌కోస్ట్ మ్యాప్ చూడండి. ఇళ్ల మధ్య సందుల్లా ఉంటాయి, ఉదాహరణకి కార్బన్ బీచ్‌లో 2015లో ఒకటి తెరిచారు. "నో పార్కింగ్" బోర్డు కనపడగానే భయపడిపోవద్దు, కొందరు సొంతంగా దొంగ బోర్డులు పెట్టిన చరిత్ర ఉంది అక్కడ, సిటీ బోర్డో కాదో చూసుకోండి.

దారి మూసేస్తే ఫోటో తీసి కమిషన్‌కి పంపండి, గొడవ మాత్రం వద్దు. 2014 నుంచి వాళ్ళే నేరుగా జరిమానా వేయొచ్చు, 2016లో ఒక ఇంటికి 40 లక్షల డాలర్లు దాటింది మరి!