వేసవిలో పిల్లలకు పద్యనాటకం నేర్పాలంటే

చిత్తూరులో మా మిద్దె మీద ఏటా మే నెలలో పదిమంది పిల్లలకు పద్యనాటకం నేర్పుతాను. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగించాలి.

మొదటి వారం హార్మోనియం తెరవకండి. పద్యాన్ని విడగొట్టి, అర్థం చెప్పి, మామూలు మాటల్లా పలికించండి. ఊపిరి తీయాల్సిన చోట పెన్సిలుతో గీత పెట్టించండి. నిరుడు ధర్మరాజు వేషం కట్టిన పాప ‘కురు’ అని ఆగి, ఊపిరి తీసి, ‘సైన్యము’ అని అందుకునేది. గీతను సమాసానికి ముందుకు జరిపాం. మర్నాటికల్లా పద్యం దారిలో పడింది, పాప ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాతే శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు. హార్మోనియం మెట్ల లెక్కలో చిన్నపిల్లలకు చాలావరకు అయిదు, అయిదున్నర శ్రుతి సరిపోతుంది. గొంతు మారుతున్న 13, 14 ఏళ్ల అబ్బాయిలను అక్కడికి లాగవద్దు. శ్రుతి తగ్గించండి, లేదా వచనం ఎక్కువున్న పాత్ర ఇవ్వండి. ఈ విషయంలో తల్లిదండ్రులు ఎంత బతిమాలినా నేను ఒప్పుకోను.

రాగాలు రెండు చాలు, మోహన, కల్యాణి. పద్యం చివర ఆలాపన ఒక్క ఊపిరికి మించకూడదు.

కిరీటం, గద రెండో వారం నుంచే ఇవ్వండి. బరువుతో నడుస్తూ పాడటం వేరే విద్య.

ఒక రాత్రి పిల్లలను భారతం ఉత్సవానికి తీసుకువెళ్లండి. మన పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకం జరుగుతాయి. అర్జున వేషధారి పద్యాలు పాడుతూ తపస్సు మాను, అంటే అర్జునుడి తపస్సు ఘట్టానికి నిలబెట్టే పొడవాటి మాను, ఎక్కడం వాళ్లు కళ్లారా చూడాలి. మర్నాడు పాఠం పెట్టకండి, నిద్రపోనివ్వండి.