జావాస్క్రిప్ట్ అర్రేలో కొత్త ఐటమ్ ఎలా చేర్చాలి?

విశాఖ బీచ్ రోడ్డులో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా చూడదగ్గ చోట్లతో ఒక వెబ్ పేజీ చేస్తున్నాం అనుకుందాం. పేర్లన్నీ వరసగా దాచుకోవడానికి అర్రే కావాలి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, కన్సోల్ తెరిచి, నాతోపాటు టైప్ చేయండి. ముందు రెండు పేర్లు పెడదాం:

కాన్స్ట్ చోట్లు = ["తెన్నేటి పార్క్", "రుషికొండ"];

చదవడానికి వీలుగా కోడ్ తెలుగులో రాస్తున్నాను. కాన్స్ట్, పుష్ లాంటి మాటలు మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. 'చోట్లు' అనే పేరు మాత్రం తెలుగులో ఉన్నా జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది.

చివర చేర్చడానికి పుష్:

చోట్లు.పుష్("భీమిలి");

కాన్స్ట్ అని పెట్టాక ఎలా మారుతుందని డౌట్ వస్తుంది. ఆ పేరుకు వేరే విలువ ఇవ్వకూడదు, అంతే. అర్రే లోపల ఎన్నయినా చేర్చుకోవచ్చు.

ఇక్కడే ఒక జాగ్రత్త. పుష్ తిరిగి ఇచ్చేది అర్రేను కాదు, చేర్చాక అందులో ఎన్ని ఐటమ్స్ ఉన్నాయో ఆ లెక్కను. నేర్చుకునే రోజుల్లో కాన్స్ట్‌కు బదులు, పేరుకు వేరే విలువ ఇవ్వనిచ్చే లెట్ పెట్టి, చోట్లు = చోట్లు.పుష్("భీమిలి") అని రాశాను. అర్రే పోయి 3 అనే అంకె మిగిలింది. తప్పు ఎక్కడుందో తెలియక ఆ సాయంత్రమంతా టెన్షన్ పడ్డాను.

మొదట్లో చేర్చడానికి అన్‌షిఫ్ట్:

చోట్లు.అన్‌షిఫ్ట్("ఆర్కే బీచ్");

మిగతావన్నీ ఒక్కో స్థానం వెనక్కి జరుగుతాయి.

మధ్యలో చేర్చాలంటే స్ప్లైస్. రుషికొండ దాటాక, భీమిలి రాకముందే తొట్లకొండ వస్తుంది. లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి ఇప్పుడు భీమిలి ఇండెక్స్, అంటే దాని స్థానం అంకె, 3:

చోట్లు.స్ప్లైస్(3, 0, "తొట్లకొండ");

మొదటి అంకె ఎక్కడ చేర్చాలో చెబుతుంది. రెండోది అక్కడి నుంచి ఎన్ని తీసేయాలో చెబుతుంది. అందుకే సున్నా. పొరపాటున 1 కొడితే భీమిలి మాయమైపోతుంది, ఎర్రర్ కూడా రాదు. అర్రేల్లో నేను రెండుసార్లు సరిచూసుకునే అంకె ఇదొక్కటే.

పై మూడూ ఉన్న అర్రేనే మార్చేస్తాయి. పాతది అలాగే ఉండాలంటే 2015లో వచ్చిన మూడు చుక్కల స్ప్రెడ్ వాడండి. అది పాత పేర్లన్నిటినీ కొత్త అర్రేలో పరుస్తుంది:

కాన్స్ట్ కొత్తచోట్లు = [...చోట్లు, "భీమిలి లైట్‌హౌస్"];

రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో పేజీ చేస్తుంటే, స్టేట్‌ను (స్క్రీన్ మీద చూపించడానికి అది దాచుకునే డేటాను) మార్చేటప్పుడు ఈ పద్ధతే వాడాలి. పాత అర్రేలోకే పుష్ చేసి, దాన్నే మళ్లీ స్టేట్‌కు ఇస్తే రియాక్ట్‌కు మార్పు కనిపించదు. డేటాలో పేరు చేరినా స్క్రీన్ మీద పాత జాబితానే ఉంటుంది.