బిగ్ బాస్‌లో యాసను, మగతనాన్ని ఎలా గమనించాలి

తెలుగు బిగ్ బాస్ ఒక ప్రాంతపు మగవాళ్లను ఎలా చూపిస్తోందో తెలుసుకోవాలంటే ముందుగా కంటెస్టెంట్లను కాక, కనిపించకుండా ఆదేశాలిచ్చే ఆ గొంతును వినాలి. అది మగగొంతు, మాట్లాడేది ఏ జిల్లా వాసనా లేని పుస్తక భాష. అధికారం ఆ భాషలోనూ, కోపమూ నవ్వూ యాసలోనూ వినిపిస్తూ పోతే ఏ భాష స్థానం ఏమిటో ఎవరూ చెప్పకుండానే చూసేవారి మనసులో స్థిరపడిపోతుంది.

తర్వాత, ఇంటి నుంచి ఎవరిని పంపేయాలో కంటెస్టెంట్లే పేర్లు చెప్పే నామినేషన్ల ఎపిసోడ్ ఒకటి ఎంచుకుని, ఎవరు గొంతు పెంచారు, ఏ యాసలో పెంచారు, అప్పుడు వెనక ఏ సంగీతం వచ్చింది, వెంటనే ఎవరి ముఖం చూపారు అన్నవి కాగితం మీద రాసుకోండి. అదే ఎపిసోడ్‌ను రెండోసారి శబ్దం తీసేసి చూస్తే, భయంకరంగా అనిపించిన గొడవలో మనుషుల పాలెంత, మోతల పాలెంత అన్నది చాలావరకు తేలుతుంది. రోజంతా తీసినదాన్ని దాదాపు గంటకు కుదించేటప్పుడు అరుపు మిగలడం, సర్దిచెప్పిన మాట పోవడం సులభం. 2022లో ఆరో సీజన్‌ను హాట్‌స్టార్‌లో 24 గంటలూ ప్రసారం చేశారు కనుక, అలాంటి ప్రసారం ఉన్నప్పుడు ఒక్క గొడవనైనా ముందూ వెనకలతో కలిపి చూడటం మంచిది.

బిరుదుల విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదు. 2023లో ఏడో సీజన్ గెలిచిన పల్లవి ప్రశాంత్ ‘రైతుబిడ్డ’గానే వచ్చారు, 2020లో సోహెల్ ‘కథ వేరే ఉంటది’ అన్న మాటతోనే జనానికి దగ్గరయ్యారు. వారు తెచ్చుకున్నదేది, ఛానల్ పెంచిందేది అని విడదీసి చూడాలి. అదే 2020 సీజన్‌లో తెలంగాణ పల్లె లంబాడిపల్లికి చెందిన పెద్దావిడ గంగవ్వ యాసను జనం ముద్దుగా విన్నారు. అదే యాస యువకుడి నోట వస్తే దూకుడుగా వింటారని నా అభిప్రాయం, ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

‘మగాడివైతే రా’ వంటి సవాలు వినిపించిన వారం, శనివారం హోస్ట్ దాన్ని తప్పుపట్టారా, లేక అది ప్రోమోలో ఆకర్షణగా మారిందా అన్నది తప్పక రాసుకోండి. మొదటి ఎనిమిది సీజన్ల విజేతలూ పురుషులేనన్నది, మహిళ గెలిచింది టీవీలో కాక ఓటీటీలోనే వచ్చిన 2022 నాటి ‘బిగ్ బాస్ నాన్‌స్టాప్’లో బిందు మాధవి రూపంలోనేనన్నది కూడా దీని పక్కన పెట్టి చూడవలసినవే.

వీలైతే ఆ యాస ఇంటి భాషగా ఉన్నవారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మాటమాటకూ ‘అండి’ చేర్చడం అలవాటైన గోదావరి జిల్లాల చెవికి తెలంగాణ స్నేహితులు చనువుగా అనుకునే ‘ఏం రా బై’ మొరటుగా తోచవచ్చు. అది తిట్టో, చనువో వారిని అడిగి తెలుసుకున్నాకే మీ కాగితం మీద ‘కోపం’ అని రాయండి.