గేట్ వోల్టేజ్ పెట్టగానే సాల్వర్ ఆగిపోతోందా?

ఆర్గానిక్ ఎలక్ట్రోకెమికల్ ట్రాన్సిస్టర్ (ద్రావణంలోని అయాన్లతో కరెంటుని అదుపు చేసే ట్రాన్సిస్టర్) కంప్యూటర్ మోడల్‌కి గేట్ (అదుపు చేసే ఎలక్ట్రోడ్) మీద ఒకేసారి 0.5 వోల్టులు పెడితే సాల్వర్ (సమీకరణాల్ని విడగొట్టే ప్రోగ్రామ్) తరచూ కన్వర్జ్ కాదు, అంటే జవాబు ఒకచోట స్థిరపడదు. 0 నుంచి 0.5 వోల్టుల దాకా 25 మిల్లీవోల్టుల చొప్పున పెంచండి. ప్రతి మెట్టుకీ కిందటి మెట్టు జవాబునే ఇనీషియల్ గెస్‌గా (లెక్క మొదలుపెట్టే అంచనాగా) ఇవ్వండి. మొత్తం 20 మెట్లే.

మెష్ (లెక్క కోసం మోడల్‌ని విడగొట్టే గడుల అల్లిక) కూడా చూసుకోవాలి. 0.1 మోలార్ ఉప్పునీటిలో డెబై పొడవు (ఎలక్ట్రోడ్ ఛార్జి ప్రభావం ద్రావణంలోకి ఎంత దూరం పోతుందో చెప్పే కొలత) సుమారు 1 నానోమీటరే కాబట్టి గేటు అంచున మొదటి గడి 0.2 నానోమీటర్లు ఉంచి, అక్కణ్ణుంచి 1.2 రెట్ల చొప్పున పెంచుకుంటూ పోతే చాలు.

ఒక్క జాగ్రత్త: అయాన్లని బిందువులుగా తీసుకున్న మోడల్‌లో డబుల్ లేయర్ (ఎలక్ట్రోడ్‌ని ఆనుకుని అయాన్లు పోగయ్యే పొర) మీద 0.3 వోల్టులు పడితే ఎలక్ట్రోడ్ గోడ దగ్గర అయాన్ల సాంద్రత వేల మోలార్లు చూపిస్తుంది. నీళ్లే లీటరుకి 55 మోల్స్! కన్వర్జ్ అయినా ఆ జవాబు నమ్మకండి, అయాన్ సైజుని లెక్కలోకి తెచ్చే స్టెరిక్ టర్మ్ కలపాల్సిందే.