మీ పాఠాన్ని ఇంకొకరు సులువుగా మార్చుకునేలా తయారు చేయడం ఎలా

పాఠం రాసి, పీడీఎఫ్ చేసి, కింద క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్) గుర్తు పెట్టేస్తే ఓఈఆర్, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల పాఠం, అయిపోయిందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. ఎవరో టీచర్ నా వర్క్‌షీట్‌లో ఒక్క లెక్క మార్చబోయి, కుదరక, మొత్తం మళ్లీ టైప్ చేసుకున్నారని తెలిశాక గానీ బుర్రకెక్కలేదు: మార్చుకోమని అనుమతి ఇచ్చాను గానీ మార్చే వీలు ఇవ్వలేదు.

అందుకే ముందు ఫైలు సంగతి. చదవడానికీ ప్రింట్‌కీ పీడీఎఫ్ పెట్టండి, దాని పక్కనే మార్చుకోగలిగే అసలు ఫైలూ (లిబ్రేఆఫీస్ ఓడీటీ గానీ వర్డ్ డాక్‌ఎక్స్ గానీ) పెట్టండి. తెలుగైతే యూనికోడ్‌లోనే టైప్ చేయండి, లేకపోతే కాపీ చేసినవాళ్లకి పిచ్చిగీతలే మిగులుతాయి.

ఎక్కువమంది దెబ్బతినేది బొమ్మల దగ్గర. నీటి చక్రం బొమ్మే తీసుకోండి. "ఆవిరి", "మేఘాలు" అన్న మాటలు జేపీజీలో కలిసిపోయి ఉంటే, వేరే భాషలోకి మార్చాలనుకున్నవాళ్లు బొమ్మంతా మళ్లీ గీసుకోవాలి. అదే ఎస్‌వీజీలో (గీతలనూ అక్షరాలనూ విడివిడిగా ఉంచే బొమ్మ ఫైలు), అక్షరాలను అక్షరాలుగానే ఉంచి ఇచ్చారనుకోండి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఆ మాట మీద క్లిక్ చేసి కొత్తది కొట్టేస్తారు. (ఇంక్‌స్కేప్ ఉచితం కాబట్టే దాని పేరు చెప్పా. డబ్బు కట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో తప్ప తెరుచుకోని ఫైలు ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.)

శీర్షికలకు బోల్డ్ కొట్టి సైజు పెంచకండి, వర్డ్, లిబ్రేఆఫీస్‌లలో ఉండే హెడింగ్ స్టైల్ వాడండి. "పోయిన అధ్యాయంలో చూశాం కదా" లాంటి మాటలు తీసేయండి, ఆ ఒక్క ముక్కే కావలసినవాళ్లకి అవి అడ్డం.

ఇక లైసెన్స్. ఓఈఆర్ మీద పనిచేసే డేవిడ్ వైలీ అనే అమెరికా విద్యావేత్త ఓఈఆర్‌కి అయిదు హక్కులు చెప్పారు: దగ్గర ఉంచుకోవడం, వాడటం, మార్చడం, వేరేవాటితో కలపడం, పంచడం. లైసెన్స్‌లో ఎన్‌డీ (మార్పులు వద్దు) అని ఉంటే మార్చినదాన్ని ఎవరికీ పంచకూడదు, ఇక అది ఓఈఆర్ ఎలా అవుతుంది? క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో సీసీ బై 4.0 (రాసినవాళ్ల పేరు చెబితే చాలు) అన్నిటికన్నా తేలిక, నా ఓటు దానికే. బై-ఎస్ఏ (మార్చినదాన్నీ అదే లైసెన్స్‌తో పంచాలి) కూడా మంచిదే గానీ, ఆ పాఠాన్ని బై-ఎన్‌సీ-ఎస్ఏ (అదే షరతు, పైగా వ్యాపారానికి వాడకూడదు) పాఠంతో కలిపి కొత్త పాఠం చేసి పంచడం కుదరదు, రెండూ తమ లైసెన్సే ఉండాలని పట్టుబడతాయి. ఇతరుల బొమ్మ వాడితే దాని పేరు, గీసినవాళ్ల పేరు, లింకు, లైసెన్స్ అప్పటికప్పుడే రాసుకోండి, తర్వాత వెతకడం నరకం.

విడుదల చేసే ముందు ఫైలు ఒక స్నేహితుడికి ఇచ్చి, ఒక ఉదాహరణ మార్చమని చెప్పి, నోరు మూసుకుని పక్కన కూర్చోండి. "ఇదెక్కడుంది?" అని అడిగిన ప్రతిచోటా మీకు పని మిగిలి ఉన్నట్టే.