కాటన్ చీరకి గంజి ఎంత పెట్టాలి, ఎలా పెట్టాలి

కాటన్ చీరలంటే ఇష్టమున్నా గంజి పెట్టుకోలేక వాటిని బీరువాలోనే ఉంచేస్తున్న వాళ్ల కోసం రాస్తున్నాను. బయట ఇస్తే చాలాసార్లు అట్టముక్కలా చేసి ఇస్తారు, కుచ్చిళ్లు ఉబ్బిపోతాయి, అంచు మెడ దగ్గర గీసుకుంటుంది. ఇంట్లో పెట్టుకుంటే బిరుసు ఎంతుండాలో మన చేతిలో ఉంటుంది.

ముందు బట్ట చూడండి. పొందూరు ఖద్దరు పంచెలు, లాల్చీలు చిక్కటి గంజిని తట్టుకుంటాయి, పెళపెళలాడితేనే వాటికి అందం. మంగళగిరి, నారాయణపేట చీరలకి ఓ మాదిరిగా చాలు. వెంకటగిరి లాంటి సన్న నేతకి మాత్రం బాగా పలచన చెయ్యాలి, లేకపోతే దాని మెత్తదనమే పోతుంది, దానికోసమే కదా అంత డబ్బు పెట్టి కొన్నది! పట్టు, పాలియెస్టర్ జోలికి వెళ్లొద్దు.

అన్నం వార్చే ఇళ్లలో గంజికి వెతుక్కోవక్కర్లేదు, ఉప్పు వెయ్యకుండా వార్చింది తీసుకుంటే సరి. కుక్కర్లు వచ్చాక వార్చేవాళ్లు తగ్గారు కాబట్టి నేను సగ్గుబియ్యమే చెబుతాను. ఒక చీరకి రెండు టేబుల్ స్పూన్లు తీసుకుని అరగంట నానబెట్టి, లీటరు నీళ్లలో గింజ కనిపించకుండా కరిగేదాకా సన్నమంట మీద కలుపుతూ కాయండి. మైదా గానీ బియ్యప్పిండి గానీ వాడేవాళ్లు ముందు చన్నీళ్లలో జారుగా కలుపుకుని అప్పుడు మరిగే నీళ్లలో పొయ్యాలి. పొడిపిండి నేరుగా వేడినీళ్లలో పడితే పైపొర వెంటనే ఉడికిపోయి నీళ్లు లోపలికి పోవు, ఉండ కడుతుంది. ముదురు రంగు చీరల మీద తెల్లమచ్చలు పడేది చాలావరకు ఈ ఉండల వల్లే. అందుకే ఏ గంజి అయినా సరే, పలచటి గుడ్డలో వడకట్టకుండా వాడకండి.

ఆ లీటరు గంజిని బకెట్లో పోసి ఇంకో రెండు మూడు లీటర్ల చన్నీళ్లు కలపండి, సన్న నేతకైతే ఇంకొంచెం. చీర ఉతికి, తడిగా ఉండగానే తిరగేసి ముంచాలి. పొడి చీర ముంచితే ముందు తగిలిన చోట గంజి ఎక్కువ పీల్చుకుని, బిరుసు ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా వస్తుంది. రెండు మూడుసార్లు ముంచి లేపి, మెలి తిప్పకుండా చేత్తో నొక్కి నీళ్లు తీసేయండి. తర్వాత ఇద్దరు చెరో కొంగూ పట్టుకుని గట్టిగా లాగి దులిపితే సగం ముడతలు అక్కడే పోతాయి, ఒక్కరే ఉంటే తీగ మీద వేశాక అంచులు సర్దుకోండి. గాలి తగిలే నీడలో ఆరెయ్యండి. ముసురు పట్టిన రోజుల్లో గంజి పని పెట్టుకోవద్దు, ఆరక ముక్కవాసన వస్తుంది.

కొద్దిగా చెమ్మ ఉండగానే ఇస్త్రీ చెయ్యాలి. పూర్తిగా ఆరిపోతే నీళ్లు చిలకరించి, చుట్టచుట్టి పావుగంట పక్కన పెట్టి అప్పుడు చేస్తే సరిపోతుంది. ఇస్త్రీ పెట్టెకి గంజి అంటుకుంటుంటే చీర తిరగేసి చెయ్యండి.

గంజి పెట్టిన చీరని నెలల తరబడి బీరువాలో ఉంచొద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను, బొద్దింకలు గంజికి చేరతాయి, మడత దగ్గర నూలు చిట్లుతుంది, పాత నేత చీరలు ఇలా పోతుంటే నిజంగా బాధేస్తుంది. దాచేవాటిని గంజి పోయేలా ఉతికి ఆరబెట్టి దాచండి, కట్టుకునే ముందు మళ్లీ పెట్టుకోవచ్చు.

ఎక్కువ బిరుసెక్కిందా? గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టి జాడిస్తే చాలావరకు దిగిపోతుంది.