పద్యనాటకంలో ఉత్తమ నటుడెవరు? వాదించడానికీ ఓ పద్ధతుంది

నేను హార్మోనిస్టుని. ముప్పై ఏళ్ళుగా పద్యనాటకాలకు వాయిస్తున్నాను. స్టేజీ మీద పక్కకు, తెర తాడు దగ్గర కూర్చుంటాను కాబట్టి జనానికి నటుడి ముఖం కనిపిస్తే నాకు మెడ నరాలు కనిపిస్తాయి. నాటక పరిషత్తు పోటీల్లో బహుమతులు చదివేసరికి ఒక్కోసారి తెల్లవారుజామవుతుంది. మొదటి బస్సుకి ఇంకా గంట టైముంటుంది. ఆ గంటంతా టీ బండి దగ్గర ఒకటే గొడవ, "బెస్ట్ యాక్టర్ వాడికెలా ఇచ్చారండీ?" అని. మా బావ తబలా వాయిస్తాడు. ఓ కృష్ణుడి విషయంలో మాటా మాటా పెరిగి మేమిద్దరం రెండు నెలలు పలకరించుకోలేదు. కాబట్టి ఇక్కడ చెప్పేది చాలావరకు దెబ్బ తిని నేర్చుకున్నదే.

ముందు వన్స్‌మోర్లను లెక్కలోంచి తీసేయండి. కృష్ణ రాయబారంలోని 'జెండాపై కపిరాజు' పద్యం గొంతున్నవాడు ఎవడు పాడినా వన్స్‌మోర్ పడుతుంది. అందులో సగం వాటా అది రాసిన తిరుపతి వేంకట కవులది. హాల్లో చాలామందికి ఆ పద్యం నోటికి వచ్చు. నటుడితోపాటు లోపల్లోపల వాళ్ళూ పాడుకుంటూనే ఉంటారు. కాటి సీనూ అంతే. బలిజేపల్లి వారి హరిశ్చంద్రలో నటులు జాషువా గారి శ్మశానం పద్యాలు తెచ్చి కలుపుకున్నారు. అవి వింటుంటే ఏడుపు ఎలాగూ వస్తుంది. మీరు చూడాల్సింది ఆ ఏడుపు పద్యం తెప్పించిందా, నటుడు తెప్పించాడా అని. తేల్చుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. పద్యం అయిపోయాక ఆయన మామూలు వచనంలో చెప్పే మొదటి డైలాగు వింటాను. పాత్ర అక్కడ కూడా నిలబడి ఉంటే అది నటన. పద్యం అవగానే భుజం మీద కండువా సర్దుకుని మా వైపు చూసి కన్ను కొట్టాడంటే అది కచేరీ.

ఇక్కడ మా గుట్టు కొంచెం విప్పుతాను. ఆలాపన చివర్లో నటుడికి ఊపిరి చాలకపోతే నేను నాలుగు స్వరాలు గట్టిగా అందుకుంటాను. వినేవాళ్ళకు గొంతు ఎక్కడ ఆగిందో, హార్మోనియం పెట్టె ఎక్కడ ఎత్తుకుందో తెలియదు. శ్రుతి జారుతుంటే అసలు స్వరం పట్టి నొక్కుతాను, ఆయన దాన్ని పట్టుకుని పైకి వస్తాడు. చప్పట్లు ఆయనకే పడతాయి, నాకేం బాధ లేదు, నా పని అదే. కానీ రాగం పొడుగు చూసి బహుమతి అడిగేవాళ్ళు కాస్త మా వైపు కూడా చెవి పెట్టి వినాలి.

గొంతును తూచాలంటే పొడుగు కాదు, విరుపు చూడండి. 'చెల్లియొ చెల్లకో' ఉత్పలమాల. పాండవులు పడ్డ కష్టాలన్నీ ఓర్చుకున్నారని నిండు సభలో నచ్చజెప్పే పద్యం అది. 'జెండాపై కపిరాజు' శార్దూలం, అది బెదిరింపు. రెండూ ఒకే గొంతుతో, ఒకే ఎత్తున లాగేవాడు పాటగాడే గానీ రాయబారి కాడు. ఆ శార్దూలంలో 'సితవాజిశ్రేణి' అని ఓ సమాసముంది, తెల్లగుర్రాల వరస అని. 'సితవా' దగ్గర గాలి పీల్చుకుని 'జిశ్రేణి' అన్నాడనుకోండి, గుర్రం రెండు ముక్కలైపోయింది. ఇలాంటివి కాగితం మీద రాసి పెట్టుకోండి. పొద్దున్నకి మర్చిపోతారు.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది: అవతలివాడు పాడుతున్నప్పుడు ఇవతలివాడు ఏం చేస్తున్నాడు? యుద్ధానికి సాయం కోరి ఇద్దరూ నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరకొచ్చే పడక సీను తీసుకోండి. దుర్యోధనుడు ముందే వచ్చి తలవైపు ఆసనం మీద కూర్చున్నాడు. అర్జునుడు తర్వాత వచ్చి కాళ్ళవైపు నిలబడ్డాడు. కృష్ణుడు లేచి ముందు అర్జునుణ్ణి పలకరిస్తాడు. ఆ తర్వాతే 'బావా ఎప్పుడు వచ్చితీవు' అని ఇటు తిరుగుతాడు. జనమంతా కృష్ణుడి గొంతు వింటుంటారు. మీరు దుర్యోధనుణ్ణి చూడండి. ముందొచ్చినవాణ్ణి రెండోవాణ్ణి చేశారన్న మంట ఒకటి, సాయం అడగడానికొచ్చాను కాబట్టి నవ్వాలన్న అవసరం ఒకటి. పద్యం సాగినంతసేపూ ఈ రెంటినీ ఒకే ముఖం మీద మోయాలి. కొందరు ఆ టైములో కిరీటం సరిచేసుకుంటారు. ఒకాయన జనంలో తెలిసినవాళ్ళెవరా అని వెతకడం కూడా చూశాను.

వేర్వేరు నాటకాల పాత్రల్ని పోల్చాల్సి వస్తే చిక్కే. హరిశ్చంద్రుడికి రాజ్యం పోతుంది, పెళ్ళాం పోతుంది, కొడుకు పోతాడు. జాలి అంతా కవే రాసి ఇచ్చేశాడు. అదే నాటకంలో విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడికి అలాంటి ఆస్తి ఏమీ లేదు. అప్పు వసూలుకు వెంటపడి పీడించాలి, జనాన్ని నవ్వించాలి, చివరికి తనే కరగాలి. ఆ కరిగే చోట నవ్వు ఆగి హాలు నిశ్శబ్దమైతే అది మొత్తం నటుడి కష్టమే. అయినా నక్షత్రకుడనగానే హాస్యనటుడి బహుమతి వైపు తోసేస్తారు. నాకు దీని మీద ఎప్పట్నుంచో కోపం. కవి ఎంత ఇచ్చాడు, దాని మీద నటుడు ఎంత కలిపాడు అని లెక్క వేయండి, పాత్ర పెద్దదా చిన్నదా అని కాదు.

ఒకే నాటకంలో ఇద్దరు కృష్ణులుంటే, పడక సీనుకొకరు, రాయబారానికొకరు, ఈ పోలిక ఇంకా కష్టం. రాయబారం కృష్ణుడికి సభ ఉంది, కోపం ఉంది. పడక సీను కృష్ణుడికి కళ్ళు మూసుకుని పడుకోవడం కూడా నటనే.

పాతవాళ్ళ పేర్లు జాగ్రత్తగా వాడండి. కృష్ణుడి వేషానికి పేరుపడ్డాయన్ని తెచ్చి "షణ్ముఖి ఆంజనేయరాజు ముందు వీడెంత" అన్నారంటే వాదన అక్కడితో సరి, ఎవరూ ఏమీ అనలేరు. వాళ్ళను కొలబద్దలుగా కాక ఉదాహరణలుగా తీసుకురండి. గానం ఎంత, నటన ఎంత అన్నది వాళ్ళ కాలంలోనూ తేలని గొడవే. రఘురామయ్య గారు నోట్లో వేలు పెట్టి ఈలతో పద్యం పలికిస్తే ఊళ్ళు కదిలొచ్చాయి. బళ్ళారి రాఘవ గారేమో రాగాలు తగ్గించి నటించండయ్యా అన్నారు. ఇద్దరూ గొప్పవాళ్ళే. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారి సత్యభామను ఈనాటి పోటీలో పెడితే ఉత్తమ నటుడనాలా, ఉత్తమ నటి అనాలా? బస్సు ఆలస్యమైన రోజు ఈ ప్రశ్న వేసి చూడండి.

ఇక మాట్లాడే తీరు. "అద్భుతంగా చేశాడు" అనొద్దు. ఆ మాట దగ్గరే నేను మా బావ చేతిలో చిత్తుగా ఓడిపోయాను. "ఏం చేశాడ్రా అంత అద్భుతంగా?" అన్నాడు. నోట మాట రాలేదు. ఒక్క క్షణం చెప్పగలగాలి: ఏ సీను, ఏ పద్యం, ఏ పాదం, చెయ్యి ఎక్కడుంది, చూపు ఎటుంది. అవతలివాడు చెప్పిన క్షణం మీరూ చూసి ఉంటే ఒప్పుకోండి, పరువేం పోదు.

కిందటిసారి బహుమతి కృష్ణుడికి వచ్చింది. నేను దుర్యోధనుడన్నాను. బావ మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. ఈసారి చెప్పాను: "'బావా ఎప్పుడు వచ్చితీవు' పద్యంలో కర్ణుడి పేరు రాగానే మీసం మీదున్న చెయ్యి కిందికి దిగింది. నవ్వు మాత్రం చెరగలేదు. కృష్ణుడికి కర్ణుడి సంగతి ఎందుకని వాడికి అనుమానమొచ్చింది బావా."

బావ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నేను తాళం చూసుకుంటున్నా, అటు చూళ్ళేదు," అన్నాడు. వచ్చే నెల అదే నాటక సమాజం వాళ్ళతో ఇంకో నాటకం ఒప్పుకున్నాం. తబలాలు ఈసారి కుడివైపు వేసుకుంటానంటున్నాడు.